కొల్లేరూ, ఉప్పుటేరూ, ఆసుపత్రి గుమ్మమూ



ఆసుపత్రిలో ప్రాణాపాయస్థితిలో ఉన్నవారిని ముందుగా చేర్చుకొనే గదికి మా ప్రాంతంలో జనం వాడే మాట ‘క్యాజువాలిటీ’. కొల్లేటి లంకల్లోని ముసలివాళ్ళ నోట అది ‘కాజిల్టీ’ అవుతుంది. ఆంగ్లంలో ఆ మాటకు మూలార్థం యాదృచ్ఛికంగా జరిగినది అని. ఆ తర్వాత అది యుద్ధంలో గాయపడ్డవాడికి పేరయి, చివరికి వాడిని పడుకోబెట్టే గదికి పేరయింది. పత్రికలవారు దానికి ‘అత్యవసర విభాగం’ అని ఒక పేరు పెట్టారు. నాకు ఆ మాట మీద ఎప్పుడూ కొంత అసంతృప్తి ఉంది. అత్యవసరమంటే మిక్కిలి అవసరమైనది. పెళ్ళివారింట మంగళసూత్రమూ అత్యవసరమే, పరీక్షకు హాల్ టికెట్టూ అత్యవసరమే. ఆలస్యమైతే ప్రాణం దాటిపోతుందన్న భయం ఆ మాటలో లేదు.

సంస్కృతంలో దీనికి చక్కని మాట ఉంది: ఆత్యయికం. అత్యయమంటే గడచిపోవడం, అపాయం, నాశం. ఆ అత్యయాన్ని వెంటబెట్టుకొని వచ్చే పని ఆత్యయికం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు దినచర్యను చెప్తూ, పని మీద వచ్చినవాళ్ళను గుమ్మం దగ్గర నిలబెట్టవద్దన్నాడు. దేవతల పనులూ, ఆశ్రమాల పనులూ మొదలుకొని పిల్లలూ, ముసలివాళ్ళూ, రోగులూ, దిక్కులేనివాళ్ళూ, స్త్రీల దాకా ఏ వరుసలో చూడాలో ఒక జాబితా ఇచ్చాడు. ఇచ్చిన వెంటనే, పని బరువును బట్టి గాని, ఆత్యయికతను బట్టి గాని ఆ వరుసను మార్చుకోవచ్చునని కూడా అన్నాడు. నన్ను ఆకట్టుకున్నది ఆ రెండవ మాట. వరుస అనేది ఒకటి ఉండాలి, దానిని మార్చే అధికారం అపాయానికి ఉండాలి. ఇవాళ్టి ఆసుపత్రి గుమ్మం దగ్గర కావలసిన శాస్త్రమంతా ఈ రెండింటిలోనే ఉంది.

దానినే వైద్యులు ‘ట్రయాజ్’ అంటారు. ఫ్రెంచివారి మాట. ఏరడం, వేరుచేయడం అని అర్థం. నెపోలియన్ సైన్యంలో లారే అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. యుద్ధభూమిలో పడినవాడు సేనాపతా, సామాన్య సిపాయా అని చూడకుండా, ఎవరి గాయం ఎక్కువ ప్రమాదకరమో వారికి ముందు చికిత్స చేయాలన్న పద్ధతిని నిలబెట్టినవాడు ఆయన. క్షతగాత్రులను మోసుకురావడానికి గుర్రపుబళ్ళను సిద్ధం చేసినవాడూ ఆయనే. రాచరికపు దర్జా ఇంకా పోని రోజుల్లో సేనాపతిని ఆగమని సిపాయిని ముందు చూడడం మాటలు కాదు. మన ఊళ్ళల్లో ఇప్పటికీ ప్రెసిడెంటుగారి బావగారిని ఆగమనడం ఎంత కష్టమో చదువరులకు తెలియనిది కాదు.

తెలుగులో ఏమనాలి? నాకు తోచినది ‘తారతమ్యం’. తర, తమ అనేవి సంస్కృతంలో ఆధిక్యాన్ని చెప్పే ప్రత్యయాలు. గురు, గురుతర, గురుతమ. ఈ రెండు ప్రత్యయాలూ కలిసి తారతమ్యమనే మాట పుట్టింది. రోగి గుమ్మంలో అడుగుపెట్టగానే ఇతని బాధ గురువా, గురుతరమా, గురుతమమా అని తేల్చడమే కదా ఆ నర్సమ్మ చేసే పని? పాపం, లోకవ్యవహారంలో ఆ మాట పేదా గొప్పా భేదానికి స్థిరపడిపోయింది.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి ఆసుపత్రుల గొడవ ఎందుకని మీరడగవచ్చు. చెప్తాను.

2003లో, వానాకాలంలో, మా బావమరిదికి పాము కరిచింది. అతడు కొల్లేటి అంచున చేపలచెరువు గట్టు మీద కాపలా పాకలో నేల మీద చాప వేసుకొని పడుకొన్నాడు. తెల్లవారుజామున చెవి క్రింద చురుక్కుమంటే చీమ అనుకొన్నాడట. లేచి దీపం పెట్టేసరికి చాప మడతలో కట్లపాము. వాపు లేదు, నొప్పి లేదు. కట్లపాము కాటులోని మోసమే అది. రక్తపింజర కాటుకు కాలు వాస్తుంది, మంట పుడుతుంది, మనిషి కేకలు పెడతాడు, అందరూ పరుగెత్తుతారు. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. మొదట కనురెప్పలు వాలతాయి, తర్వాత మ్రింగుడు పడదు, తర్వాత మాట పోతుంది, ఆ పైన ఊపిరి పోతుంది. అప్పటికి 108 బళ్ళు రాలేదు. దోనెలో ఒడ్డుకు, అక్కడినుండి ట్రాక్టరు మీద రోడ్డుకు, అక్కడినుండి పాలవ్యానులో పట్టణానికి తెచ్చారు. నేను ఆసుపత్రి దగ్గరే కలుసుకొన్నాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం.

అతడు తన కాళ్ళ మీద తానే నడిచి లోపలికి వచ్చాడు. చీటీలు వ్రాసే కుర్రవాడు పేరూ ఊరూ వయసూ వ్రాసుకొని, బల్ల చూపించి, పిలుస్తారు కూర్చోమన్నాడు. పాము కరిచిందని చెప్పాము. నడిచివచ్చినవాడికి పెద్ద ప్రమాదమేమీ లేదని ఆ కుర్రవాడి లెక్క. అతడిని అక్కడ కూర్చోబెట్టినవారు చీటీ వ్రాయడం నేర్పారు గాని మనిషిని చూడడం నేర్పలేదు. మాకన్న ముందు ఒక మోటారుసైకిలు ప్రమాదం వచ్చింది. మోకాలు చీరుకుపోయిన యువకుడూ, అతని వెంట పదిహేనుమంది మిత్రులూ. వాళ్ళ అరుపులకు లోపలి వైద్యుడే బయటికి వచ్చాడు. మా ప్రక్కన పంచె కట్టుకొన్న ఒక పెద్దాయన గుండెల మీద చేయి పెట్టుకొని, చెమటలు తుడుచుకొంటూ కూర్చొని ఉన్నాడు. ఆయన వెంట మనుమరాలు కాబోలు, పన్నెండేళ్ళ పిల్ల మాత్రమే ఉంది. ఏమిటండీ అని అడిగితే, పొద్దున గారెలు తిన్నాను, మంటగా ఉంది బాబూ, అన్నాడు.

ఇంతలో చేతిలో ట్రేతో ఒక నర్సమ్మ మా ముందునుండి వెళుతూ ఆగింది. మా బావమరిది గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి ఆమెను చూస్తున్నాడు. ఆమె, “ఏమయ్యా, అట్లా చూస్తావేం? కళ్ళు తెరువు” అంది. “నిద్రొస్తోందక్కా” అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఆమె ట్రే బల్ల మీద పెట్టి, రెండు రెప్పలూ వేలితో ఎత్తి చూసి, చీటీ ఏదని అడగకుండా చేయి పట్టుకొని లోపలికి నడిపించుకొనిపోయింది. రెప్పలు వాలిపోయినవాడు ఎదుటివాళ్ళను చూడడానికి గడ్డం పైకెత్తుతాడన్నది ఆమెకు తెలుసు. పది సీసాల విషవిరుగుడు మందు ఎక్కించారు. అయినా మధ్యాహ్నానికి ఊపిరి తగ్గింది. కృత్రిమశ్వాస యంత్రం ఆ రోజున అక్కడ లేదు. గొంతులో గొట్టం వేసి, రబ్బరు సంచి ఒకటి మా చేతికిచ్చి, ఎంత సేపటికొకసారి నొక్కాలో నేర్పారు. ఆ పగలూ, రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకా నేనూ, మా మేనల్లుడూ, చెరువు కూలీలు ఇద్దరూ వంతులు వేసుకొని నొక్కుతూనే ఉన్నాము. ఛందస్సులో గణాలు లెక్కపెట్టే అలవాటు నాకు ఆ రాత్రి పనికి వచ్చిందంటే నవ్వకండి. అతడు బ్రతికాడు. ఇప్పటికీ చెరువులు చేస్తున్నాడు. పాకలో మంచం వేయించుకొన్నాడు.

ఆ పెద్దాయన సంగతి మేము సాయంత్రం తెలుసుకొన్నాము. ఆయన నంబరు పిలిచినప్పుడు లేవలేదట. చీటీ చేతిలోనే ఉందట.

అప్పటినుండి నేను ఏ ఆసుపత్రికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఎవరు కూర్చొన్నారో చూస్తాను. కేకలు వేసేవాడికి ఊపిరి బాగానే ఆడుతోందని ఆ కేకే చెప్తుంది. ఏడ్చే పిల్ల కన్న ఏడవని పిల్లకు భయపడాలని ఒక పిల్లల వైద్యుడు నాతో అన్నాడు. గాలి పోయే దారి తెరుచుకొని ఉందా, ఊపిరి ఆడుతోందా, నెత్తురు ప్రవహిస్తోందా, తెలివి ఉందా అని నాలుగు సంగతులు చూడడానికి అనుభవమున్న కళ్ళకు రెండు నిముషాలు చాలు. ఛాతీలో నొప్పి అన్నవాడికి వచ్చిన 10 నిముషాలలోపల ఇ.సి.జి. తీయాలని వైద్యులే నియమం పెట్టుకొన్నారు. పక్షవాతం తగిలినవాడికి గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటలలోపల పడాలి. రక్తపింజర కాటేమో అని అనుమానముంటే 2 మి.లీ. నెత్తురు శుభ్రమైన పొడి గాజుగొట్టంలో తీసి, కదపకుండా 20 నిముషాలు ఉంచి, గడ్డ కట్టిందో లేదో చూస్తే చాలు. ఏ యంత్రమూ అక్కరలేదు. గొట్టం మాత్రం గాజుదే కావాలి, ప్లాస్టిక్కుది పనికిరాదు. ఈ పనులేవీ డబ్బులేక ఆగేవి కావు. ఎవరు ముందో తెలియక ఆగేవి.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు చేతికి కట్టే పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల వచ్చింది. మంచిదే. అయితే ఒకసారి పచ్చ పట్టీ కట్టించుకొన్నవాడు గంట తర్వాత కూడా పచ్చగానే ఉంటాడని హామీ లేదు. కట్లపాము కరిచిన మా వాడు వచ్చినప్పుడు పచ్చే. అందుకని కూర్చొన్నవాళ్ళ మధ్య మళ్ళీ మళ్ళీ తిరిగి చూసే మనిషి కావాలి.

చేపల పట్టుబడి రోజున మా వైపు చెరువు గట్టు మీద ఎప్పుడైనా నిలబడ్డారా? వల పైకి రాగానే బొచ్చె ఒక ప్రక్కకు, శీలావతి ఒక ప్రక్కకు, సైజులవారీగా ట్రేలలోకి పోతాయి. వెంటనే ఐసు, వెంటనే లారీ. చెడిపోయే సరుకు కాబట్టి ఒక్క నిముషం ఆలస్యం ఉండదు.

ఇక రద్దీ సంగతి. జనం ఎక్కువ వస్తున్నారు, మేమేమి చేయగలం అన్నది ఎక్కడ అడిగినా వినిపించే సమాధానం. అది సగమే నిజమని నేనంటాను. లెక్క చూడండి. గంటకు 10 మంది వచ్చి, ఒక్కొక్కరు సగటున 4 గంటలు ఉంటే ఆ గదిలో ఎప్పుడు చూసినా 40 మంది ఉంటారు. వచ్చేవాళ్ళు అంతే ఉండి, ఉండే సమయం 6 గంటలైతే 60 మంది. ఒక్కడు కూడా అదనంగా రాలేదు, గది మాత్రం క్రిక్కిరిసింది. జాన్ లిటిల్ అనే అమెరికా ఆచార్యుడు 1961లో దీనిని గణితంగా నిరూపించాడు. ఆయన కొల్లేరు చూడలేదు గాని, చూస్తే ఇంకా త్వరగా నిరూపించి ఉండేవాడు.

ఎందుకంటారా? కొల్లేటిలోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, రామిలేరు వస్తుంది, లెక్కలేనన్ని మురుగుకాలువలు వస్తాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. ఆ ఉప్పుటేరు పూడిపోతే, దాని గట్లు ఆక్రమణలతో ఇరుకైపోతే, పైన మామూలు వాన కురిసినా లంకలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన తర్వాత ఆ నీరంతా కొల్లేటికే వచ్చింది. విజయవాడలో నీళ్ళు తీసినా లంకగ్రామాల దారులు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. రోగులను మళ్ళీ పడవల మీదనే తేవలసివచ్చింది. వచ్చే నీటిని తిట్టి లాభం లేదు, పోయే దారి చూడాలి.

క్యాజువాలిటీ కూడా కొల్లేరే. దాని ఉప్పుటేరు పై అంతస్తులోని వార్డు. అక్కడ మంచం ఖాళీ అయితేనే ఇక్కడి స్ట్రెచరు కదులుతుంది. అక్కడి మంచం మీదివాడు నిన్ననే కోలుకొన్నాడు. ఇంటికి పోవచ్చునని పెద్దడాక్టరు ఉదయం అన్నాడు. డిశ్చార్జి కాగితం వ్రాయవలసిన చిన్నడాక్టరు ఆపరేషను గదిలో ఉన్నాడు. సంతకం మధ్యాహ్నం రెండింటికి అయింది. ఆరోగ్యశ్రీ కాగితాలు నాలుగింటికి అయ్యాయి. ఊరికి చివరి బస్సు వెళ్ళిపోయింది, ఈ రాత్రికి ఉంటామన్నారు. ఆ మంచం కోసం క్రింద స్ట్రెచరు మీద ఒక ప్రాణం ఎదురుచూస్తూనే ఉంది. ఉదయం రౌండ్లలో ముందు ఇంటికి పోవలసినవాళ్ళ కాగితాలు ముగించి, తర్వాత మిగిలినవాళ్ళను చూసే పద్ధతి పెట్టుకొంటే క్రింద గదిలో రద్దీ తగ్గుతుంది. వేలు తెగినవాళ్ళకూ, చిన్న కుట్లు పడవలసినవాళ్ళకూ ప్రక్కన వేరే గదీ వేరే మనిషీ ఉంటే ఇంకా తగ్గుతుంది. క్యాజువాలిటీని బాగుచేయాలంటే ముందు క్యాజువాలిటీలోనికి కాక వార్డులోకి వెళ్ళి చూడాలన్నది విడ్డూరంగా కనిపిస్తుంది. కొల్లేటివాళ్ళకు కనిపించదు.

2020 డిసెంబరు వచ్చింది. ఆ నెల 5వ తేదీ శనివారం. ఏలూరు వన్ టౌనులో ఉన్నవాళ్ళు ఉన్నట్టే పడిపోవడం మొదలైంది. మూర్ఛ మూడు నుండి ఐదు నిముషాలు, నోట నురగ, తర్వాత కాసేపు మతి తెలియకపోవడం. పిల్లలూ పెద్దలూ అన్న భేదం లేదు. కోవిడ్ రోజులు. ఆ మహమ్మారి భయంతో నెలల తరబడి గుమ్మం దాటనివాళ్ళం, ఆ రాత్రంతా 108 బళ్ళ కూతలు వింటూ కూర్చొన్నాము. మా వీధిలో ఒక పిల్లవాడు అన్నం తింటూ కంచంలోనే ఒరిగిపోయాడు. వారం తిరిగేసరికి బాధితులు 600 దాటారు. ఒకరు మరణించారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల నెత్తుట సీసం, నికెల్ కనబడ్డాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు.

ఇక్కడ చెప్పదలచినది కారణం గురించి కాదు, ఏలూరు ప్రభుత్వాసుపత్రి గుమ్మం గురించి. మామూలు రోజుల కోసం కట్టిన ఆ గుమ్మంలోకి ఒక్కసారిగా వందలమంది, అందరికీ ఒకే లక్షణం. రోగమేమిటో ఎవరికీ తెలియదు. అయినా పని ఆగలేదు. మూర్ఛ ఒక్కసారి వచ్చి తగ్గిపోయినవాళ్ళెవరు, మళ్ళీ మళ్ళీ వస్తున్నవాళ్ళెవరు అని ముందు వేరుచేశారు. తగ్గినవాళ్ళను కొన్ని గంటలు కనిపెట్టి చూసి ఇంటికి పంపారు. తగ్గనివాళ్ళను విజయవాడకూ గుంటూరుకూ తరలించారు. అక్కడ పనిచేసిన నర్సు ఒకామె, మా బడిలో చదివిన పిల్ల, నాతో తర్వాత అన్నది: “మాస్టారూ, రోగం పేరు తెలియకపోయినా ఎవరిని ముందు చూడాలో తెలిసింది. అంతే, చేతులు వాటంతటవే నడిచాయి.” వచ్చినవాళ్ళు వచ్చినట్లే కోలుకొని బయటికి కూడా వెళ్ళారు గనుక ఆ వారం గడిచింది. ఉప్పుటేరు పారింది.

తాడేపల్లిగూడెంలో పనిచేసిన కాలంలో నేను చూసినది ఇంకొకటి ఉంది. రహదారి మీద లారీ గ్రుద్ది మనిషి పడిపోతే చుట్టూ యాభైమంది నిలబడేవారు, ఒక్కరూ ముట్టుకొనేవారు కాదు. ముట్టుకొంటే సాక్ష్యం, కోర్టు. ఆసుపత్రిలో కూడా పోలీసు కాగితం రానిదే చేయి వేయడానికి జంకేవారు. స్కూటరు మీద పోతూ ప్రమాదానికి గురైనవాడిని ఒక ఆసుపత్రి చేర్చుకోక, ఇటువంటి కేసులు చూసే మరొక ఆసుపత్రికి పొమ్మంటే, దారిలో ప్రాణం పోయిన ఉదంతం మీద పరమానంద కటారా అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1989లో తీర్పు వచ్చింది. ప్రాణం నిలపడం మొదటిది, పోలీసు లాంఛనాలు తర్వాతవి, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ఇది అందరికీ కర్తవ్యమే అని. గాయపడ్డవాడిని తెచ్చినవాడిని వేధించకూడదన్నది 2019లో మోటారు వాహనాల చట్టంలోకి కూడా ఎక్కింది. ముప్పై ఏళ్ళు పట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 మన జనానికి ఆ భయం కొంత పోగొట్టిందని నా నమ్మకం. మూడంకెలు నొక్కితే చాలు, సాక్ష్యం చెప్పనక్కరలేదన్న ధైర్యం వచ్చింది. బడిపిల్లలకు నేను సంఖ్యావాచకాలు చెప్పేటప్పుడు ‘నూట ఎనిమిది’ చెప్పగానే వాళ్ళు అష్టోత్తరం అనడం మానేసి అంబులెన్సు అనడం మొదలుపెట్టారు. పండితుడినైనా నాకేమీ కష్టం కలగలేదు.

2022లో జిల్లా రెండయింది. ఏలూరు ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైంది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోయింది. 2023లో ఏలూరుకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. కుర్ర వైద్యులు వస్తారు, గదులు పెరుగుతాయి, యంత్రాలు వస్తాయి. రబ్బరు సంచి నొక్కే పని బంధువులకు తప్పుతుంది. ఇవన్నీ సంతోషించవలసినవే. నేను అడిగేది వీటికన్న చౌకైనది. గుమ్మంలో చీటీల బల్లకు ముందు ఒక కుర్చీ. ఆ కుర్చీలో పదేళ్ళు పనిచేసిన నర్సమ్మ ఒకామె. ఆమె లేపమంటే రోగిని లేపి లోపలికి తీసుకుపోయే మనుషులు ఇద్దరు. ఆమె మాటకు ప్రెసిడెంటుగారి బావగారు కూడా ఎదురు చెప్పకూడదన్న నియమం ఒకటి. ఇంకొకటి కూడా, బయట బల్లల మీద ఉన్నవాళ్ళకు గంటకొకసారి ఎవరైనా వచ్చి, మీవాడు ఇలా ఉన్నాడు, ఇందుకు ఆలస్యమవుతున్నది అని తెలుగులో చెప్పడం. ఆసుపత్రుల దగ్గర గొడవలలో సగం కోపంవల్ల కాదు, ఏమీ తెలియకపోవడంవల్ల పుట్టినవే.

ఆ కుర్చీలో కూర్చొనే ఆమెకు ఒక తెలుగు పేరు కావాలి. ‘తారతమ్య నిర్ణేత్రి’ అంటే మా ఇంటావిడ నవ్వుతున్నది. ‘ఏరే అక్క’ అంటే బాగుంటుందని మా బావమరిది అంటున్నాడు, అతడిని లోపలికి తీసుకుపోయినావిడను అతడు అక్కా అనే పిలిచాడు కదా. మీలో ఎవరికైనా ఇంతకన్న మంచి మాట తోస్తే వ్రాయండి.